పిట్టల మూల

బళ్ళారి దగ్గరి కప్పగల్లులో తెల్లారితే ఎవరి కడుగుడు వాళ్ళది. లారీలున్నవాళ్ళు లారీలు కడుగుతారు, ఆడవాళ్ళు వాకిళ్ళు కడుగుతారు, కోదండరామి ఆకులు కడుగుతాడు. ఇంటి వెనక పెరట్లో రబ్బరు పైపు పట్టుకుని, కరివేపాకు చెట్టు మొదలుకొని మూలనున్న ఈతచెట్టు దాకా ఒక్కో కొమ్మనూ వంచి, ఆకు పైనా కిందా నీళ్ళు కొడతాడు. గనుల లారీలు రోడ్డు పొడుగునా లేపిన ఎర్రదుమ్ము కాలువ కట్టి గోడవారకు పారుతుంది. మధ్యాహ్నానికి ఆకులు మళ్ళీ ఎర్రబడతాయి. మర్నాడు ఆయన మళ్ళీ పైపు పట్టుకుంటాడు.

పక్కింటి బసప్ప గోడ మీదినుంచి తల పెట్టి రోజూ ఒకటే పరాచికం ఆడతాడు.

"ఏన్ కోదండప్పా, స్నాన ఆయ్తా మీ చెట్లకు? సబ్బు గూడా రుద్దకూడదా?"

"రుద్దుతా లేప్పా. మిగిల్తే నీకూ పంపిస్తా."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని బసప్ప తన ఇంట్లో వాళ్ళతో అనుకుని నవ్వుకునేవాడు. నవ్వడంలో తప్పులేదు. చైనా వాళ్ళు ఇనుము తీయడానికి మన ఎర్రమన్ను కొంటున్నారని కబురొచ్చిన నాటినుంచి ఊళ్ళో పెరళ్ళన్నీ లారీలు నిలిపే షెడ్లయిపోయాయి. నిన్నటిదాకా మడక పట్టి దున్నినవాడు ఇవాళ లారీ ఓనరు. అలాంటి కాలంలో, కొడుకు నితిన్ యశ్వంతనగర్ వైపు లారీలు తిప్పుతూ నాలుగు చేతులా సంపాదిస్తుంటే, యాభై దాటిన పెద్దరైతు పెరట్లో రేగుకంపలు నాటి వాటికి నీళ్ళు పోస్తున్నాడంటే ఎవరు నవ్వరు? ఆ నవ్వులు కోదండరామికి తగలలేదు. ఆయనకు తగిలినది వేరే ఉంది. అది బసప్పకు తెలియదు. ఇంటిది తిమ్మమ్మకు తెలుసు, కానీ ఆమె ఆ మాట ఎత్తేది కాదు.

ఊరికి తూర్పున వాళ్ళకొక బావిచేను ఉండేది. తాతల నాటి జొన్నచేను. జొన్న పాలు పోసుకునే రోజుల్లో చేనంతా పిట్టల మీద యుద్ధమే. మంచె ఎక్కి ఒకరు వడిసెల తిప్పేవాళ్ళు, గట్టు మీద ఒకరు రేకుడబ్బా వాయించేవాళ్ళు. కానీ బావి దగ్గర ఈశాన్యం మూలన మాత్రం ఎవరూ ఏమీ చేయకూడదు. ఆ మూలన డబ్బా కొట్టకూడదు, రాయి విసరకూడదు, కోతలప్పుడు కంకి కోయకూడదు. అక్కడి జొన్న నిలబడినదగ్గరే ఎండిపోవాలి. దాన్ని పిట్టల మూల అనేవాళ్ళు.

చిన్నప్పుడు కోదండరామి ఒకసారి ఆ మూలన డబ్బా వాయించి నాయన చేత వీపు మీద తిన్నాడు. కొట్టిన తరువాత నాయన పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"చేనంతా మనం తరుముతాండాం గదరా. ఇంత తరిమేటోళ్ళం ఒక్క తావునన్నా కూచోనియ్యకపోతే ఎట్లరా?"

ఆ మూలన బావి మీదికి వంగి ఒక తుమ్మచెట్టు ఉండేది. వానలు మొదలైతే దాని కొమ్మలనిండా గిజిగాడి గూళ్ళు నీళ్ళమీద వేలాడేవి. పాములు కొమ్మకొసకు రాలేవు, మనుషులు బావి మీదికి వంగలేరు. ఆ పిట్టలకు అంతకన్నా భద్రమైన చోటు చుట్టుపక్కల ఎక్కడా లేదు. నాయన పోయాక కూడా కోదండరామి ఆ పద్ధతి తప్పలేదు. గనుల గాలి వీచేదాకా తప్పలేదు.

ఆ ఏడు వానలకు ముందు, ఎన్నడూ లేనిది, ఆయన బళ్ళారి బజారుకు పోయి కంపెనీ జొన్న విత్తనం తెచ్చాడు. అంతకుముందు ఇంటి విత్తనమే. మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి కాగుల్లో పోసిపెట్టుకునేవాళ్ళు. నితిన్ పోరితే కొత్తరకం తెచ్చాడు. తెచ్చిన సంచీ తిమ్మమ్మకు చింతపండు పోసుకోను కావాల్సి వచ్చి, ఆమె అటక చీకట్లోనే అందులోని గింజలు కాగులోకి ఒంపేసి సంచీ ఉతుక్కుంది. ఆ గింజలు విత్తే లోపలే ఖనిజం వాళ్ళు వచ్చారు. రైలుకట్టకు దగ్గరని చుట్టుపక్కల చేలన్నీ ఖనిజం కుప్పలు పోసే స్టాక్‌యార్డుకు తీసుకుంటున్నారు. అటు చేనూ ఇచ్చారు, ఇటు చేనూ ఇచ్చారు. మధ్యలో తనదొక్కటే ఉంటే దుమ్ము కొట్టుకుని పండేదేమీ లేదు. అది అబద్ధమేమీ కాదు. కోదండరామి కూడా కౌలుకు ఇచ్చేశాడు. విత్తని విత్తనం కాగులోనే, అటక మీదే ఉండిపోయింది.

చదును చేసే రోజుకి ఆషాఢం దాటింది. తుమ్మచెట్టు నిండా గూళ్ళు. తల్లులు మేత నోట పెట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. స్టాక్‌యార్డు పని చూసే హనుమేశ్ కుర్రవాడే గానీ కాస్త దయగలవాడు. జేసీబీని బావి దగ్గర ఆపించి కోదండరామి దగ్గరికి వచ్చాడు.

"అప్పా, ఈ మూల మీకు పద్ధతంట గదా, ఊళ్ళో చెప్పిరి. బిట్టు బిడోణవా? వదిలేద్దామా ఇంతవరకు? మా సార్‌కు నేను చెప్పుకుంటా."

పక్కన నలుగురు ఊరి పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళంతా తమ చేలు మూల కూడా మిగలకుండా ఇచ్చినవాళ్ళే. ఒకాయన నవ్వాడు. ఆ నవ్వుకే కోదండరామికి సిగ్గేసింది. పిట్టల కోసం చేను మూల వదులుకున్న చాదస్తుడని చెప్పుకుంటారేమో అనిపించింది. లారీలు తిరగడానికి అడ్డమైతే రేపు కౌలు మానుకుంటారేమో అని కూడా అనిపించింది.

"పిట్టలదేముండాది లేప్పా. రెక్కలుండాయి, ఎగిరిపోతాయి. కొట్టేయమను," అన్నాడు.

రెక్కలున్నవి ఎగిరిపోయాయి. చెట్టు గూళ్ళతో సహా బావిలో పడింది. గూళ్ళు నీళ్ళమీద తేలాయి, వాటిలోంచి కిచకిచలు వినబడ్డాయి. జేసీబీ డ్రైవరు బండి ఆపి ఆయన మొహం చూశాడు. అప్పుడైనా ఆగమని ఉండవచ్చు. నిచ్చెన వేసో తాడు వేసో నాలుగు గూళ్ళయినా తీసి ఉండవచ్చు. కోదండరామి చెయ్యెత్తి, కానియ్యమని ఊపాడు. మన్ను పడింది.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. చేను అడిగినవాడిదో పిడికెడు, చెట్టు కొట్టినవాడిదో పిడికెడు, నవ్వినవాడిదో పిడికెడు అని పంచుకోబోయాడు చాలాసార్లు. పంపకం కుదరలేదు. అడిగినవాడు వదిలేద్దామన్నాడు, కొట్టినవాడు బండి ఆపాడు. ఊపిన చెయ్యి తనది. అన్నం కలుపుతున్నప్పుడు కూడా ఆ చెయ్యి కంటబడేది.

మరుసటి వానలకు పెరట్లో గుంతలు తీయడం మొదలుపెట్టాడు. ఆకుకూరలకని తిమ్మమ్మతో చెప్పాడు. రేగుచెట్టుకు కాసే ఆకుకూర ఏదో ఆమె అడగలేదు. రేగు, కలివి, బలుసు, గోరింట కంచెగా పెట్టాడు. తేనెపిట్టలకని మందారాలు, ఉడుతలకని జామ, పికిలిపిట్టలకని దానిమ్మ. ఎండిపోయిన వేపమోడును నరకకుండా నిలబెట్టాడు. వాలడానికి పిట్టలకు ఎండుకొమ్మ కావాలని చేలో తిరిగిన వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. రాలిన ఆకును ఊడ్వనిచ్చేవాడు కాదు. ఒక మూల రాళ్ళు కుప్పపోస్తే తొండలు చేరాయి. మట్టి బానలు సగానికి పూడ్చి నీళ్ళు పోశాడు. గోడ పొడుగునా పొడుగుగడ్డి పెంచాడు. మనిషంత ఎత్తు ఈతచెట్టును వేళ్ళతో సహా తెక్కలకోట దగ్గరినుంచి ట్రాక్టరులో తెచ్చి ఈశాన్యం మూలన నాటాడు. ఆ మూల ఎందుకో తిమ్మమ్మకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఒకరోజు జెర్రిపోతు స్నానాల గది గుమ్మంలో పడుకుని కనబడింది. ఆమెకు ఓపిక చచ్చిపోయింది.

"ఇల్లనుకుంటాండావా, అడవనుకుంటాండావా ఇది? రేపు చిరతపులికి గూడా పీట ఏస్తావేమో."

"అది ఏం చేయదే. ఎలకల కోసం వచ్చింటాది."

"ఎలకలు ఎందుకొచ్చినాయి? నువ్వు చెత్త ఊడ్వనియ్యకపోతే వచ్చినాయి. చెత్తకు ఎలక, ఎలకకు పాము. పాముకు ఎవరు? నేనా?"

ముంగిస ఉండాదిలే అని ఆయన గొణిగాడు. ఆమె మొహం తిప్పుకుంది గానీ పామును కొట్టించలేదు. మొగుడికి ఈ చెట్ల మధ్య ఉన్నంతసేపు తిండి కాస్త సయిస్తోందని ఆమె చూస్తూనే ఉంది.

పిచ్చుకలు వచ్చాయి, గోరింకలు వచ్చాయి, తేనెపిట్ట మందారంలో తలకిందులుగా వేలాడింది. కోదండరామి చూసేవాడు, సంతోషపడేవాడు, అయినా ఈతచెట్టు వైపే కళ్ళు పోయేవి. ఆయన మనసులో ఒక లెక్క పెట్టుకున్నాడు. గిజిగాళ్ళు వచ్చి, తన పెరట్లో ఒక్క గూడు కట్టి, ఒక్క విడత పిల్లల్ని ఎగరేసుకుపోతే చాలు. ఆ బావిలోని కిచకిచలు తనను వదిలేస్తాయి. పాపానికి ఇలాంటి బేరాలు ఉంటాయా ఉండవా అని ఆయన ఎవరినీ అడగలేదు.

కొన్ని వానాకాలాలు ఊరికే పోయాయి. తరువాత ఒక శ్రావణంలో పచ్చతలల మగపిట్టలు నాలుగైదు పొడుగుగడ్డి మీద వాలి, ముక్కుతో ఆకు అంచును గాటు పెట్టి, సన్నని పోగుల్లా చీల్చుకుని ఈతమట్టకు ఎగిరాయి. కోదండరామి పైపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు కాళ్ళమీద పడుతున్నా తెలియలేదు. రెండు రోజుల్లో మట్ట కొసన ముడులు పడ్డాయి, ముడులు ఉయ్యాల అయ్యాయి, ఉయ్యాల మీద టోపీలాగా సగం గూడు లేచింది. ఆడపిట్టలు వచ్చి ఒక్కో సగం గూటిలోనూ తల పెట్టి చూసి పోతున్నాయి.

"ఏమే, ఇట్ల రా," అని తిమ్మమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. పెళ్ళయిననాటినుంచి పట్టపగలు చెయ్యి పట్టుకున్నది లేదు. ఆమె సిగ్గుపడి విడిపించుకుంది.

ఆ సంతోషమే కొంప ముంచింది. ఇంటికి వచ్చినవాళ్ళను వట్టి చేతులతో కూర్చోబెట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు. చుట్టూ చేలన్నీ ఖనిజం కుప్పలే, జొన్న ఎక్కడుంది వీటికి? ఆయనకు అటక మీది కాగు గుర్తొచ్చింది. బావిచేనిలో విత్తాల్సిన గింజలు. ఆ చేనిలో, ఆ మూలన, ఈ పిట్టలే తినాల్సిన జొన్న. వాటి బాకీ వాటికే చెల్లుతుందని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

కాగు దించి చేటలో పోశాడు. గింజలు ఎర్రగా ఉన్నాయి.

"ఏంది, ఇంత ఎర్రగుండాయి?" అంది తిమ్మమ్మ.

"ఈ ఊర్లో ఎర్రగ లేనిది ఏముండాది చెప్పు. మొన్న నీ తెల్లచీర గూడా ఎర్రగ కాలేదా? దుమ్ము. అటక మీద యాండ్లుగా పడుండాది గదా."

ఆమె కూడా సరేననుకుంది. ఉప్పు డబ్బా ఎరుపు, దేవుడి పటం ఎరుపు, పాల మీద మీగడ కూడా ఒక్కోరోజు ఎరుపే. ఇంకో ఊళ్ళో అయితే ఎర్రగింజలను చూసి ఎవరైనా ఆగేవాళ్ళు. ఆయన చేటను నాలుగుసార్లు ఎగరేసి, పైపైన ఊది, ఈతచెట్టు కింద గింజలు పలచగా చల్లాడు. పిట్టలు దిగి తింటుంటే వంటింటి మెట్టు మీద కూర్చుని పొద్దుగూకేదాకా చూశాడు. నాయన చూస్తున్నట్టే అనిపించింది.

తెల్లవారి పైపు పట్టుకుని పోయేసరికి మొదట కలివిపొద కింద ఒక పిచ్చుక కనబడింది. పిల్లి పని అనుకున్నాడు. బాన పక్కన రెండు. గడ్డిలో గోరింక ఒకటి కాళ్ళు ముడుచుకుని ఉంది. ఈతచెట్టు కింద పచ్చతల పిట్టలు పడి ఉన్నాయి. ఒకదాని ముక్కున గడ్డిపోగు ఇంకా ఉంది.

కోదండరామి కిందికి వంగి మిగిలిన గింజలు గుప్పెడు ఏరాడు. చెంబులో నీళ్ళు పోసి అందులో వేశాడు. ఖనిజం దుమ్మయితే ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? రోజూ కడిగేదే అది. బరువుకు అడుగున చేరుతుంది, పైన నీరు తేటపడుతుంది. ఈ నీళ్ళు తేటపడలేదు. కుంకుమ కలిపినట్టు అంతా ఒకే ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మందు వాసన. పురుగు పట్టకుండా మందు పట్టించి, జనం తినకుండా రంగు వేసి అమ్మిన విత్తనం అది. ఇంటి విత్తనానికి బూడిదే గానీ విషం ఎరగని ఇల్లు. కొనేటప్పుడు అంగడివాడు చెప్పే ఉంటాడు. తనే విని ఉంటాడు. విత్తలేదు కాబట్టి మరిచిపోయాడు.

రోజూ ప్రతి ఆకునూ కడిగినవాడు ఒక్క గుప్పెడు గింజలు కడిగి చూడలేదు. చెంబు పక్కన పెట్టి తల గోడకు కొట్టుకున్నాడు. తిమ్మమ్మ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

ఆ చప్పుడుకు బసప్ప గోడ మీదినుంచి చూశాడు. ఈసారి పరాచికం ఆడలేదు.

"అయ్యో పాపం. ఈ దుమ్ముకేలే కోదండప్పా. మనుషులకే దగ్గు పట్టుకుంటాండాది, పిట్టలెంత? దుమ్ముకే సచ్చింటాయి."

మంచి మాటే. ఒప్పుకుంటే ఊరందరి మీదా పోయేది, గనుల మీద పోయేది, ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

"దుమ్ము కాదప్పా," అన్నాడు కోదండరామి. "నేనే. రెండోసారి."

మొదటిసారి ఏమిటని బసప్ప అడగబోయి, తిమ్మమ్మ మొహం చూసి గోడ దిగిపోయాడు.

పిట్టలను ఏరి ఈతచెట్టుకు దూరంగా లోతుగా పూడ్చాడు. చల్లిన గింజలను మోకాళ్ళమీద పాకి ఏరాడు, మట్టిని పైపైన గీకి ఎత్తాడు, కాగుతో సహా ఊరి బయట గుంత తీసి కప్పెట్టాడు. ఆ రోజునుంచి పెరట్లోకి పోవడం మానేశాడు. ఆకులు ఎర్రగా అయిపోయాయి. కొన్నాళ్ళు చూసి తిమ్మమ్మే పైపు పట్టుకుంది. ఆమెకు కొమ్మలు వంచడం రాదు, అందినంతవరకు కొట్టి వచ్చేది. సగం కట్టిన టోపీ గూడు ఈతమట్టకు ఎండి, రంగు వెలిసి, గాలికి ఊగుతూ ఉండిపోయింది. కిటికీలోంచి అది కనబడుతుందని ఆయన మంచం గోడవైపు తిప్పుకున్నాడు. బావిలో పూడినవి తన సిగ్గుకు చచ్చాయి. పెరట్లోవి తన ప్రేమకు చచ్చాయి. రెండూ ఒక చేతి మీదుగానే జరిగాయి. ఇంక ఆ చేతిని దేని మీదా పెట్టదలచుకోలేదు.

ఏడు తిరిగి మళ్ళీ వానలు పడ్డాయి. శ్రావణంలో ఒక పొద్దున తిమ్మమ్మ వంటింట్లో రొట్టె తడుతుంటే పెరట్లో డబడబా చప్పుడు వినబడింది. చేతులు పిండితోనే ఉండగా బయటికి వచ్చింది. కోదండరామి పంచె ఎగగట్టి, పాత నూనెడబ్బాను కట్టెతో వాయిస్తున్నాడు. పొడుగుగడ్డి మీదినుంచి పచ్చతలల పిట్టలు లేచి, చుట్టు తిరిగి, మళ్ళీ ఈతచెట్టు మీదే వాలుతున్నాయి. అవి వాలినప్పుడల్లా ఆయన ఇంకా గట్టిగా కొడుతున్నాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"పోండి, యాడికన్నా పోండి. ఈడ బతకరు మీరు. పోండి."

తిమ్మమ్మ దగ్గరికి పోయి కట్టె పట్టుకుంది. ఆయన వదల్లేదు. ఆమె వదల్లేదు.

"ఆ మూలన డబ్బా కొట్టగూడదని మీ నాయన చెప్పినాడా లేదా?" అంది.

ఆయన చెయ్యి ఆగింది.

"వాటికి నేను ఏం చేసినా..."

"ఏం చేయొద్దు. నిన్ను ఎవురు చేయమనిరి? గడ్డి ఉండాది, చెట్టు ఉండాది, నీళ్ళు ఉండాయి. మీ నాయన ఆ మూలకు పోయి గింజలు చల్లినాడా ఎన్నడన్నా? కోయకుండా వదిలేసినాడు, అంతే. ఊరికే కూచో."

కట్టెను డబ్బాలో వేసుకుని ఆమె లోపలికి తీసుకుపోయింది. పొయ్యిమీద రొట్టె మాడిన వాసన వస్తోంది.

కోదండరామి వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు. ఒక మగపిట్ట నిరుటి టోపీ గూటి మీద వాలి, దాని ఎండుపోగులను ఒక్కోటీ పీకి కింద పారేస్తోంది. పాతది విప్పి, అదే ముడి దగ్గర కొత్త పచ్చిపోగు కడుతోంది. అది తనను క్షమించిందని ఆయన అనుకోలేదు. దానికి బావీ తెలియదు, కాగూ తెలియదు. తెలిసినవాడు తానొక్కడే, అది తనతోనే ఉంటుంది. లేచి ఏదో ఒకటి చేయాలని, కనీసం బానలో నీళ్ళయినా మార్చాలని కాళ్ళు లాగాయి. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఏమీ చేయకుండా, కూర్చున్నచోటే కూర్చున్నాడు.